పలక నేర్చుకునే అమ్మాయికి గురువు ఎక్కడ?

పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరయినా, కుప్పం గంగమ్మ జాతరయినా పలక మోగాల్సిందే. బైరెడ్డిపల్లె చుట్టుపక్కల డప్పును పలక అంటారు. ఆ పలక ఎవరి భుజాన ఉండాలో కులం ఎప్పుడో నిర్ణయించింది: దళితవాడ మగవాళ్ల భుజాన. అదే ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ దెబ్బలు చెవిలో ఉంటాయి. పుల్లలు మాత్రం చేతికి రావు. కొడుక్కి ఊరి చాకిరీగా అంటగట్టిన వాయిద్యం, కూతురికి తాకకూడని వస్తువయింది.

ఆడవాళ్లు తాళవాద్యం వాయించలేరన్నది ఎప్పుడో తేలిపోయిన వాదన. ఏలూరులో పుట్టిన నిడుమోలు సుమతి తండ్రి రాఘవయ్య దగ్గర, తర్వాత దండమూడి రామమోహనరావు దగ్గర మృదంగం నేర్చుకుని, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. మగవాళ్లదే అనుకున్న రంగంలో ఆమె సాధన గొప్పది. అయితే ఆ సాధనకు ఇంట్లోనే గురువు దొరికాడు. బయట సంగీత కళాశాలలు, సభలు, ఆకాశవాణి ఉన్నాయి. పలకకు ఇవేవీ లేవు. మృదంగానికి తోలు బిగించే చేతుల్లో ఎక్కువ భాగం దళితులవేనని టి.ఎం. కృష్ణ 2020లో పుస్తకమే రాశారు. తోలు ఒకటే అయినా, ఒక వాయిద్యం విద్య అయింది, ఇంకొకటి వెట్టి అయింది.

గురువు దొరికితే ఏమవుతుందో చూడడానికి దూరం పోనక్కర్లేదు. తమిళనాడులోని దిండిగల్‌లో సిస్టర్ చంద్ర 1990లో మొదలుపెట్టిన శక్తి సంస్థ దళిత అమ్మాయిలకు పరై నేర్పుతోంది. దెబ్బలతో పాటు కుట్టుపని, కులం గురించీ ఆడపిల్లగా బతకడం గురించీ చర్చ కూడా అక్కడి శిక్షణలో భాగమే. బీహార్‌లో సుధా వర్ఘీస్ నడిపే నారీ గుంజన్ అండతో, పట్నా దగ్గరి ఢిబ్రా గ్రామంలో కూలికి పోయే మహాదళిత స్త్రీలు బ్యాండు కట్టి పెళ్లిళ్లకు డబ్బు తీసుకుని వాయిస్తున్నారు. రెండుచోట్లా గురువు పని దరువు నేర్పడంతో ఆగలేదు. ఇంట్లోవాళ్లను ఒప్పించడం, పిలిచినవాళ్లతో రేటు మాట్లాడడం, రాత్రి కార్యక్రమం తర్వాత పిల్లలను క్షేమంగా ఇల్లు చేర్చడం కూడా ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి. అమ్మాయి పేరు తెచ్చుకునేదీ, పెళ్లితో మానేసేదీ తేలేది ఇక్కడే.

ఒక అభ్యంతరం ఉంది. ఊరి వెట్టిని వదిలెయ్యమని అంబేద్కర్ చెప్పాక మళ్లీ మన పిల్లల చేతికి పలక ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. చావుకు పిలిస్తే పోక తప్పని పలక పోవాల్సిందే. కానీ 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం ఆ డప్పునే ఆత్మగౌరవ జెండాగా ఎత్తింది. రానని చెప్పే హక్కు, అడిగి తీసుకునే కూలి ఉన్నప్పుడు అది వెట్టి కాదు, వృత్తి. పలక నేర్చే అమ్మాయికి మొదటి పాఠం ఇదే కావాలి.

ప్రభుత్వం ఏం చేస్తోంది? ఆంధ్రప్రదేశ్‌లో 50 ఏళ్లు దాటిన డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను వస్తోంది. మంచిదే. కానీ అది వాయించి అలసిన చేతులకు ఇచ్చేది. పదిహేనేళ్ల పిల్లకు నేర్పమని ఆ చేతులను ఎవరూ అడగడం లేదు. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం పరిధిలో మన రాష్ట్రమూ ఉంది. ఇలాంటి కేంద్రాల గురు శిష్య పరంపర పథకంలో గురువుకు నెలకు 7,500, శిష్యులకు 1,500 రూపాయల చొప్పున ఇచ్చే ఏర్పాటు ఉంది. మదురై పరై గురువు వేలు ఆసాన్‌కు 2025లో పద్మశ్రీ ఇచ్చిన కేంద్రానికి, పలక నేర్పేవాళ్లూ గురువులేనని వేరే చెప్పాలా?

అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో మండలానికొక పలక గురువును ఆ పథకం కింద పెట్టాలి. సగం సీట్లు ఆడపిల్లలకు ఇవ్వాలి. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం సర్టిఫికెట్ ఇవ్వాలి. ప్రభుత్వ కార్యక్రమాలకు పిలిచినప్పుడు మగ బృందానికి ఇచ్చిన కూలే అమ్మాయిల బృందానికీ ఇవ్వాలి. బైరెడ్డిపల్లెలో పలక తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉండగానే ఇవన్నీ జరగాలి.