నాదస్వరానికి సొంత చిరునామా కావాలి

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అనేక దూదేకుల ముస్లిం కుటుంబాలు తరతరాలుగా నాదస్వరాన్ని నమ్ముకుని జీవిస్తున్నాయి. కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి గౌరవాలు అందుకున్నారు. 2020లో షేక్ మహబూబ్ సుభానీ, కలీషాబీ దంపతులను పద్మశ్రీ వరించింది. అయితే బిరుదులు అందని విద్వాంసులు ఊరూరా ఉన్నారు. వారి వాద్యం వినగోరేవారికి, పెళ్లికో ఉత్సవానికో పిలవదలచినవారికి నిలకడైన చిరునామా ఏది?

ఫేస్‌బుక్ ఉంది, యూట్యూబ్ ఉంది, ఇంకేం కావాలని కొందరు అడుగుతారు. అవి అవసరమే, కొత్త శ్రోత దొరికేది అక్కడే. కానీ అక్కడ మనం కిరాయిదారులం. మన వీడియోను ఎవరికి చూపాలో, ఎవరికి చూపకూడదో యజమాని ఇష్టం. ఆర్కుట్ 2014లో మూతపడింది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించారు. ఆ నిర్ణయంలోని మంచిచెడ్డలు అలా ఉంచితే, దానినే నమ్ముకున్న కళాకారులు రాత్రికి రాత్రే తమ శ్రోతలను కోల్పోయారు. ఒకప్పుడు సంగీతకారులకు పుట్టినిల్లు వంటి మైస్పేస్‌లో, పన్నెండేళ్లపాటు చేర్చిన పాటలు సర్వర్ల మార్పిడిలో పోయాయని 2019లో వెల్లడైంది.

అందుకే కళాకారుడికి సొంత వెబ్‌సైట్ ఉండాలని మేము కోరుతున్నాము. అందులో గురుపరంపర, వాయించిన రాగాలు, కచేరీ జరిగిన ఊరు, తేదీ, డోలు సహకారం అందించినవారి పేర్లు నమోదు కావాలి. సంప్రదించవలసిన ఫోన్ నంబరు ఉంటే మధ్యవర్తి ప్రమేయం లేకుండానే పిలుపు నేరుగా అందుతుంది. పారితోషికం ఎంతో కళాకారుడే చెప్పుకోగలడు. సామాజిక మాధ్యమాల్లో చిన్న తునక వినిపించి, శ్రోతను ఈ చిరునామాకు రప్పించాలి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. వెబ్‌సైట్ పేరు కళాకారుడి పేరిటే నమోదు కావాలి. తయారుచేసినవారి పేరిట ఉంటే అది మరో కిరాయి ఇల్లే అవుతుంది. ఏటా రుసుము చెల్లించడం మరువరాదు. అసలు రికార్డింగులను విడిగా హార్డ్‌డిస్కులో భద్రపరచాలి.

మన చరిత్రను ఇతరులు రాయలేదని బాధపడుతుంటాము. మన ఇంట ఉన్న చరిత్రను మనమైనా భద్రపరచవద్దా? కంప్యూటర్ విద్య నేర్చిన ముస్లిం యువతీయువకులు ఒక్కొక్కరు ఒక్కో విద్వాంసుడి బాధ్యత స్వీకరించాలి. వృద్ధ విద్వాంసుల ఊపిరి ఉండగానే ఆ పని మొదలు కావాలి.