ఇంట్లో ఉండమంటే సరిపోదు

'ఇంట్లోనే ఉండండి' అని కొవిడ్ రోజుల్లో నేనూ ఎందరికో చెప్పాను. 'మరి తిండెలా డాక్టరు గారూ?' అని అడిగితే రాసివ్వడానికి నా దగ్గర మందు లేదు.

ఒకప్పుడు చెరకు తోటల పనికి వెళ్లిన తెలుగువారి వారసులూ ఉన్న ఫిజీలో 2021 ఏప్రిల్ నుంచి డెల్టా విజృంభించింది. పర్యాటకం స్తంభించి అప్పటికే ఎందరో ఉపాధి కోల్పోయారు. సువా కేంద్రంగా నడిచే పాలినేషియా ఆంగ్లికన్ డయాసిస్ చర్చిల్లో సామూహిక ప్రార్థనలు ఆగాయి. సాయం మాత్రం ఆగలేదు. ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు ఆహార సరుకులు అందించారు.

దీన్ని నేను చికిత్సలో భాగమనే అంటాను. ఇంట్లో బియ్యం ఉంటేనే రోగి గడప దాటకుండా ఉండగలడు, వ్యాప్తి తగ్గుతుంది.

ఈసారి మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా ఐసోలేషన్‌లో ఉంటే, గుమ్మం దగ్గర క్యారియర్ పెట్టి ఫోన్ చేయండి.