పెరట్లో ఎలుకలకు ఎయిర్ గన్? ఆస్ట్రేలియాలో కొనే ముందు ఇవి తెలుసుకోండి

టార్నీట్‌లో గోంగూర మడి వేసినా, స్కోఫీల్డ్స్‌లో ఆనప పాదు పెట్టినా మనవాళ్లకు ఎదురయ్యే తలనొప్పి ఒకటే. రాత్రికి పాసమ్‌లు వచ్చి లేత చిగుళ్లు మేసిపోతాయి. పగలు చిలకలు, కొకాటూలు పండ్ల మీద పడతాయి. షెడ్డు కింద ఎలుకలు సంసారం పెడతాయి. ఆరు నెలలు నీళ్లు పోసి పెంచిన చెట్టు ఒక్క రాత్రిలో మోడైతే ఎవరికైనా కడుపు మండుతుంది. అప్పుడే చాలామందికి ఒక ఆలోచన వస్తుంది: చప్పుడు పెద్దగా రాని, ధర అందుబాటులో ఉన్న ఎయిర్ రైఫిల్ ఒకటి కొనేస్తే పోలా?

సూటిగా చెప్పాలంటే, సిటీ శివార్లలో ఉండే ఇంటి పెరటికి ఆస్ట్రేలియాలో అలాంటి రైఫిల్ లేదు. మోడల్స్ దొరక్క కాదు, చట్టం ఒప్పుకోదు కాబట్టి. పైగా 2025 డిసెంబరు తర్వాత ఈ దేశంలో తుపాకుల విషయంలో గాలి మారింది. వీసా మీదో, పీఆర్ మీదో ఉన్న కుటుంబాలు ఈ సంగతి మిగతావారికంటే ముందే తెలుసుకోవాలి.

మనకెందుకు బొమ్మలా అనిపిస్తుంది?

మన ఊళ్లలో తిరునాళ్లకు వెళితే అట్టకు బెలూన్లు కట్టి, ఎయిర్ గన్ చేతికిచ్చి కాల్చమంటారు. చిన్నపిల్లలు కూడా కాలుస్తారు. భారత్‌లో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్ల శక్తి లోపు ఉన్న 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ గన్‌లకు లైసెన్స్ అవసరం లేదు. హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాక మనకు అది ఆటవస్తువుగానే గుర్తుండిపోయింది. అందుకే ఎయిర్ గన్‌ను తుపాకీగా చూడటం మనకు అలవాటు లేదు.

మనం నెట్‌లో చూసే వీడియోలు ఈ భ్రమను ఇంకా పెంచుతాయి. వాటిలో ఎక్కువ భాగం అమెరికావి. అక్కడి ఫెడరల్ చట్టం ఎయిర్ గన్‌ను తుపాకీగా లెక్కించదు. ఇంగ్లండ్‌లో కూడా సుమారు 16 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు పెద్దవాళ్లకు లైసెన్స్ అక్కర్లేదు. అదే బ్రిటన్‌లో ఉన్న స్కాట్లాండ్ మాత్రం 2016 చివరి నుంచి లైసెన్స్ తప్పనిసరి చేసింది. దేశానికో రూలు, ఒక్కోసారి రాష్ట్రానికో రూలు. అమెరికా పెరట్లో తీసిన వీడియో చూసి మెల్బోర్న్‌లో నిర్ణయం తీసుకుంటే చిక్కుల్లో పడతాం.

ఇక్కడి చట్టం ఏమంటుంది?

1996 ఏప్రిల్ 28న టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒక్కడే 35 మందిని కాల్చి చంపాడు. రెండు వారాలు తిరక్కుండానే, మే 10న, ప్రధాని జాన్ హోవార్డ్ నేతృత్వంలో కేంద్రం, రాష్ట్రాలు కలిసి జాతీయ తుపాకుల ఒప్పందానికి వచ్చాయి. తర్వాత ప్రభుత్వం ఆరు లక్షలకు పైగా తుపాకులను ప్రజల నుంచి కొని ధ్వంసం చేసింది. ఇప్పుడున్న లైసెన్స్ విధానానికి పునాది ఆ ఒప్పందమే.

అందులో ఎయిర్ రైఫిల్ కేటగిరీ ఏ కింద ఉంది. అంటే పాయింట్ 22 రైఫిల్ ఏ వరుసలో ఉందో, ఇక్కడివాళ్లు స్లగ్ గన్ అని పిలిచే ఎయిర్ రైఫిల్ కూడా అదే వరుసలో ఉంది. లైసెన్స్ కావాలి. దానికి ముందు సేఫ్టీ కోర్సు చేయాలి. కొనడానికి విడిగా పర్మిట్ తీసుకోవాలి. మొదటి తుపాకీకి 28 రోజులు ఆగాలి. కొన్నాక రిజిస్టర్ చేయించాలి. ఇంట్లో తాళం వేసిన సేఫ్‌లోనే పెట్టాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ‘సరైన కారణం’ అనే షరతు. తుపాకీ ఎందుకు కావాలో చెప్పాలి, రుజువు చూపించాలి. క్లబ్‌లో టార్గెట్ షూటింగ్, వ్యవసాయం, వేట, పొలాల్లో తెగుళ్ల జంతువుల నివారణ వంటివి చెల్లుతాయి. వేట, నివారణ అన్నప్పుడు సొంత గ్రామీణ భూమి అయినా ఉండాలి, లేదా అలాంటి భూయజమాని అనుమతి అయినా ఉండాలి. 480 గజాల ప్లాట్‌లో ఇల్లు కట్టగా మిగిలిన పెరడు ఆ లెక్కలోకి రాదు. ఇంట్లో దొంగలు పడతారన్న భయం కూడా చెల్లదు. ఆత్మరక్షణ సరైన కారణం కాదని ఆ ఒప్పందంలోనే స్పష్టంగా రాశారు.

‘చప్పుడు లేనిది’ అడిగితే ఇంకో చిక్కు

చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఈ చిక్కు అర్థమవుతుంది. స్ప్రింగ్‌తో పనిచేసే రైఫిల్‌లో లోపలి పిస్టన్ కొట్టుకునే శబ్దమే ఎక్కువ. ముందే గాలి నింపిపెట్టుకునే పీసీపీ రకంలో గొట్టం చివర ఒక్కసారిగా బయటపడే గాలి పేలినట్టు వినిపిస్తుంది. పెల్లెట్ వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు దాటితే కొరడా ఝళిపించినట్టు మరో శబ్దం తోడవుతుంది. ఈ గాలి శబ్దాన్ని తగ్గించడానికి కొన్ని కంపెనీలు గొట్టానికి సైలెన్సర్ లాంటి భాగాన్ని అమర్చి అమ్ముతాయి.

సమస్యంతా ఆ భాగంతోనే. న్యూ సౌత్ వేల్స్‌లో సైలెన్సర్ నిషిద్ధ ఆయుధాల జాబితాలో ఉంది. అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటే గరిష్ఠ శిక్ష 14 ఏళ్లు. లైసెన్స్ లేకుండా ఎయిర్ రైఫిల్ ఉంచుకుంటే గరిష్ఠంగా 5 ఏళ్లు. అంటే పక్కింటివాళ్లకు ఇబ్బంది ఉండకూడదని మంచి మనసుతో కొన్న చిన్న గొట్టం రైఫిల్ కంటే పెద్ద నేరం కావచ్చు. విదేశీ వెబ్‌సైట్‌లో ఆర్డర్ చేస్తే అది తుపాకీ దిగుమతి కిందికే వస్తుంది. అనుమతి పత్రాలు లేకుంటే బోర్డర్ ఫోర్స్ పట్టుకుంటుంది, పార్శిల్ మీద ఉండేది మీ పేరు, మీ చిరునామా. పిల్లల కోసం తెచ్చే జెల్ బ్లాస్టర్‌ల విషయంలో కూడా జాగ్రత్త. న్యూ సౌత్ వేల్స్ చట్టం వాటిని కూడా ఎయిర్ గన్ గానే చూస్తుంది.

ధర మాటకొస్తే రైఫిల్ ఖరీదొక్కటే లెక్క కాదు. కోర్సు ఫీజు, లైసెన్స్ ఫీజు, పర్మిట్, క్లబ్ సభ్యత్వం, గోడకు బిగించే సేఫ్ అన్నీ కలిపితే చవక రైఫిల్ చవకగా మిగలదు. ఎలుకలు పట్టేవాణ్ణి ఏడాదికి రెండుసార్లు పిలిపించుకున్నా అంత కాకపోవచ్చు.

బాండై తర్వాత మారిన పరిస్థితి

2025 డిసెంబరు 14న సిడ్నీ బాండై బీచ్‌లో యూదుల హనుకా వేడుక మీద జరిగిన కాల్పుల్లో 15 మంది అమాయకులు ప్రాణాలు కోల్పోయారు. దాడి చేసిన తండ్రీకొడుకుల్లో తండ్రి పేరు మీద ఆరు తుపాకులు లైసెన్స్‌తోనే ఉన్నాయని పోలీసులు చెప్పారు. అతని మూలాలు హైదరాబాద్‌లో ఉన్నాయని తెలంగాణ పోలీసులు ధ్రువీకరించడంతో ఆ వార్త మన ఇళ్లలో ఇంకో రకమైన బరువుతో పడింది.

మర్నాడే జాతీయ క్యాబినెట్ సమావేశమై తుపాకుల చట్టాలను బిగించాలని నిర్ణయించింది. ఒక మనిషి దగ్గర ఉండే తుపాకుల సంఖ్యకు పరిమితి, కాలపరిమితి లేని లైసెన్స్‌ల రద్దు, జాతీయ రిజిస్టర్ పని వేగవంతం చేయడం అందులో ఉన్నాయి. మనకు నేరుగా తగిలేది ఇంకొకటి: తుపాకీ లైసెన్స్‌కు ఆస్ట్రేలియా పౌరసత్వాన్ని షరతుగా పెట్టాలన్నది. న్యూ సౌత్ వేల్స్ పార్లమెంటు అదే నెలలో సాధారణ లైసెన్స్‌దారులకు నాలుగు తుపాకుల పరిమితి విధించే చట్టం చేసింది. వెస్ట్రన్ ఆస్ట్రేలియా అంతకుముందే, 2025 మార్చి 31 నుంచి, కొత్త చట్టాన్ని అమల్లోకి తెచ్చింది.

లైసెన్స్‌లు ఇచ్చేది రాష్ట్రాలు కాబట్టి క్యాబినెట్ నిర్ణయాలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో వేగంతో చట్టాలవుతాయి. కాబట్టి రెండేళ్ల కిందట స్నేహితుడికి లైసెన్స్ ఎలా వచ్చిందన్నది ఇవాళ మీకు పనికిరాదు. మీ రాష్ట్ర పోలీసుల ఫైర్ ఆర్మ్స్ విభాగం ఈ రోజు ఏం చెబుతోందో అదే ప్రమాణం.

అసలు ప్రమాదం వీసాకు

2016 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు ఆస్ట్రేలియాలో సుమారు 34 వేలు. 2021కి ఆ సంఖ్య 59 వేలు దాటింది. వీరిలో పౌరసత్వం ఇంకా చేతికి రానివారు చాలామందే. పౌరుడైన పక్కింటాయనకు ఒక ఆయుధ కేసు జరిమానాతో, మందలింపుతో ముగిసిపోవచ్చు. మనకు అది అక్కడితో ఆగదు. వలస చట్టం 501వ సెక్షన్‌లో శీల పరీక్ష ఉంది. పన్నెండు నెలలు, ఆపైన జైలు శిక్ష పడితే ఆ పరీక్షలో తప్పినట్టే, వీసా రద్దయ్యే ప్రమాదం ఉంటుంది. శిక్ష చిన్నదైనా పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తన గురించి అడిగే ప్రశ్నకు జవాబు రాయాల్సి వస్తుంది. పదేళ్లు కష్టపడి కట్టుకున్న జీవితాన్ని ఒక ఎలుక కోసం పణంగా పెట్టడం ఏ లెక్కన చూసినా నష్టమే.

మీరు కొట్టాలనుకున్నది ఏమిటి?

ఇంకో విషయం. మన పెరటికి వచ్చేవాటిలో చాలావరకు చట్టం కాపాడే జీవులే. పాసమ్, కొకాటూ, మాగ్‌పై, పండ్లు తినే గబ్బిలం, పాము అన్నీ ఈ నేల జీవులే. వాటిని చంపితే తుపాకీ కేసుకు తోడు వన్యప్రాణి కేసు కూడా. పాసమ్‌ను బోనులో పట్టి దూరంగా పార్కులో వదిలేయడం కూడా తప్పే. తన చోటు కోల్పోయిన పాసమ్ సాధారణంగా బతకదు.

పక్షుల్లో పొరపాటు ఇంకా తేలిక. మన గోరింకను 1860లలో పురుగులు తింటుందని మెల్బోర్న్‌కు తెచ్చి వదిలారు. ఇప్పుడది ఇక్కడ తెగులు. ప్రపంచంలోని వంద అతి ప్రమాదకర ఆక్రమణ జాతుల జాబితాలో కూడా ఉంది. కానీ దాన్ని పోలిన నాయిజీ మైనర్ అనే పక్షి ఇక్కడిదే, రక్షణ ఉన్నదే. రెండింటికీ కంటి దగ్గర పసుపు ఉంటుంది. గోరింక ఒళ్లు గోధుమ రంగు, ఎగిరితే రెక్కల్లో తెల్ల మచ్చ కనిపిస్తుంది. నాయిజీ మైనర్ ఒళ్లు బూడిద రంగు. ఇరవై మీటర్ల దూరం నుంచి సాయంత్రం వెలుగులో ఆ తేడా పోల్చడం కష్టం. గోరింకల బెడద తగ్గించడానికి కాన్‌బెర్రాలో 2006 నుంచి పనిచేస్తున్న స్వచ్ఛంద బృందం కూడా బోన్లనే నమ్ముకుంది, తుపాకులను కాదు.

గురి తప్పిన పెల్లెట్ కొన్ని వందల మీటర్లు పోగలదు. మన కంచె ఎత్తు రెండు మీటర్లు కూడా ఉండదు. కంచె అవతల ఆడుకునేది ఎవరి పిల్లలో మనకు తెలుసు. గురి తగిలినా, తక్కువ శక్తి గల పెల్లెట్ సరిగ్గా తగలకపోతే జంతువు గాయంతో రోజుల తరబడి నరకం అనుభవిస్తుంది. అది జంతుహింస చట్టం కిందికి వస్తుంది.

మరి ఏం చేయాలి?

ఎలుకలకు మొదటి మందు శుభ్రత. కంపోస్ట్ డబ్బా అడుగున సన్న ఇనుప జాలీ వేయండి. కోళ్ల దాణా, బియ్యం డబ్బాలకు గట్టి మూతలు పెట్టండి. గోడలో వేలు పట్టే కంతలన్నీ పూడ్చండి. తర్వాత స్నాప్ ట్రాప్‌లు, పక్షులు దూరలేని పెట్టెలో పెట్టి, గోడ వెంబడి వరుసగా వేయండి. విషం ఆఖరి మాటగా ఉండాలి. విషం తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే దానికీ అదే గతి.

పండ్లకు, కూరలకు వల వేయండి, కానీ మీకు దొరికిన ప్రతి వలా పనికిరాదు. విక్టోరియాలో 2021 సెప్టెంబరు 1 నుంచి ఇంటి చెట్లకు వాడే వల కన్ను 5 మిల్లీమీటర్లు మించకూడదు. వేలు దూరితే ఆ వల వద్దని గుర్తు పెట్టుకోండి. పాసమ్‌లకు చెట్టు మొదలు చుట్టూ నున్నటి రేకు కట్టడం, ఇంటికి తగిలే కొమ్మలు కొట్టేయడం, వేరే చెట్టు మీద పాసమ్ పెట్టె అమర్చడం పనిచేస్తాయి. పాము కనిపిస్తే దూరం జరిగి లైసెన్స్ ఉన్న స్నేక్ క్యాచర్‌కు ఫోన్ చేయండి.

షూటింగ్ మీదే ఆసక్తి ఉంటే దారి మూసుకుపోలేదు. గుర్తింపు ఉన్న క్లబ్‌లో చేరండి, కోర్సు చేయండి, మీ వీసా స్థితికి లైసెన్స్ వస్తుందో లేదో ముందే అడగండి. ఊరి బయట భూమి కొని సాగు చేసేవారికి కుందేళ్లు, నక్కల బెడద నిజమైన కారణమే. వారికి చట్టంలో చోటుంది.

ఎయిర్ గన్‌ను పాయింట్ 22 రైఫిల్‌తో సమానంగా చూడటం అతి కాదా అని కొందరు షూటర్లు అడుగుతారు. శక్తి లెక్కన చూస్తే ఆ వాదనలో కొంత నిజముంది. పౌరసత్వ షరతు వలసదారులందరినీ ఒకే గాటన కట్టడమేనన్న బాధ కూడా తీసిపారేసేది కాదు. ఆ మాట ఎంపీకి రాయవచ్చు, ప్రభుత్వం అభిప్రాయాలు కోరినప్పుడు మన సంఘాల తరఫున చెప్పవచ్చు. కానీ చట్టం మారేవరకు చట్టమే. ఒకదానికొకటి ఆనుకుని ఇళ్లు ఉన్న శివార్లలో పెల్లెట్‌కు కంచె హద్దు తెలియదన్నది ఏ చట్టం మారినా మారని సంగతి. ఈ వారాంతం రైఫిళ్ల ధరలు వెతకడం మాని హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి నాలుగు ట్రాప్‌లు, సన్న వల ఒకటి తెచ్చుకోండి. గోంగూర దక్కుతుంది, మనశ్శాంతి కూడా.