వైన్ వాళ్లకి, వంట మనకి, డ్రైవింగూ మనకేనా?

ముందే చెప్పేస్తున్నా, ఆడవాళ్లంతా తాగాలని నేనేం ఉద్యమం లేవదీయడం లేదు. ఇష్టం లేనివాళ్లు, ఒంటికి పడనివాళ్లు, పద్ధతి ఉన్నవాళ్లు హాయిగా మజ్జిగ తాగండి. నా గొడవల్లా ఒకటే. ఇంట్లో రుచి తెలిసిన నాలుక ఎవరిది, రుచి గురించి ఉపన్యాసం ఇచ్చేదెవరు? ఈ ఇద్దరూ ఒకరే ఎందుకు కారు?

మేముండే బే ఏరియాలో మన తెలుగు మగవాళ్లకి కొత్త సరదా పట్టుకుంది. ఒకప్పుడు పేకాట, తర్వాత గోల్ఫ్, ఇప్పుడు పాత వైన్లు. ఒకే వైనరీ వైన్‌ని వేర్వేరు సంవత్సరాలవి సంపాదించి, వరసగా పెట్టుకుని రుచి చూస్తారు. వర్టికల్ టేస్టింగ్ అంటారు. నిజం చెప్పాలంటే చాలా మంచి సరదా. అందుకే నాకింత కోపం.

పోయిన నెల ఒక స్నేహితుల ఇంట్లో ఐదు కుటుంబాలు కలిశాం. 1997, 2001, 2005, 2010, 2013. ఐదూ నాపా కాబర్నేలే. బల్ల మీద గ్లాసులు ఐదుగురికే. "వదినా, మీ లేడీస్‌కి స్వీట్‌ది వేరే తెచ్చాం" అన్నాడు ఇంటాయన, ఏదో ఉపకారం చేసినట్టు. మనకి తీపే కావాలని ఎవరు చెప్పారో! ఉసిరికాయ కొరికి నీళ్లు తాగే జాతి మనది. వగరంటే భయపడతామా?

వైన్ పాతబడటమంటే అసలు జరిగేది ఆ వగరు కథే. కొత్త కాబర్నే నోట్లో పోసుకుంటే పచ్చి నేరేడుపండు కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వగరు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని, రంగుతో కలిసి మడ్డిగా అడుక్కి దిగుతాయి. ఊదా రంగు పోయి ఇటుక రంగు వస్తుంది. పండు వాసన తగ్గి ఎండు ఖర్జూరం, తోలు, పొగాకు లాంటివి బయటికొస్తాయి. ఇది మనకి కొత్త పాఠమా? కొత్త చింతకాయ తొక్కుకీ, బాలింతకి పథ్యం పెట్టే నల్లటి పాత చింతకాయ పచ్చడికీ తేడా మనకి తెలియదా? అన్నీ నిలవుంచేవి కావని కూడా మనకి తెలుసు. ఆవకాయ ఏడాది ఉంటుంది, దోసావకాయని ఏడాది దాస్తే ఏమవుతుంది? వైన్లూ అంతే. లోకంలో తయారయ్యేవాటిలో చాలా భాగం కొన్న రెండు మూడేళ్లలో తాగెయ్యడానికి చేసినవే. అయినా మావాళ్లలో ఒకాయన సూపర్ మార్కెట్ సీసాని పదేళ్లుగా గరాజ్‌లో పెట్టి, ఇంకా బాగుపడుతుందని కాపలా కాస్తున్నాడు. ఆ గరాజ్‌లో ఎండాకాలం అప్పడాలు వేగుతాయి.

ఇక ఆ రోజు 1997 సీసా. నేను మా ఆయన గ్లాసు లాక్కుని వాసన చూశాను. తడిసిన గోనెసంచి! వానాకాలం బియ్యం మూట విప్పితే ఏం వాసన వస్తుందో అదే. కార్కు చెడితే వచ్చే వాసన అది. ఆరుబయట పెట్టినా, గంటసేపు గాలి ఆడనిచ్చినా పోదు. నేను ఆ మాట అంటే, "అది ఎర్తీ నోట్ వదినా" అని నాకు చెప్పి, అందరూ కళ్లు మూసుకుని ఆహా అనుకుంటూ తాగేశారు. అన్నిటికంటే ఎక్కువ ఖరీదు దానిదే మరి.

దానికి తోడు గోంగూర మటన్, పచ్చిమిర్చి రొయ్యలు. మెనూ మగవాళ్లు నిర్ణయించారు, వండింది మేం. కారం తగిలితే ఆల్కహాల్ మంట పెరుగుతుంది, వగరు చేదెక్కుతుంది. ఇరవై ఏళ్లు ఓపికగా తయారైన సన్నటి వాసనలు గోంగూర ముందు నిలబడతాయా? దీనికి పుస్తకం అక్కర్లేదు, వండేవాళ్లని ఒక్క మాట అడిగితే చాలు.

1976లో పారిస్‌లో జరిగిన పోటీ గురించి ఈ మహానుభావులు గంటల తరబడి చెప్తారు. లేబుళ్లు కనపడకుండా పోస్తే, తొమ్మిది మంది ఫ్రెంచి న్యాయనిర్ణేతలు తమ దేశపు గొప్ప వైన్లని కాదని కాలిఫోర్నియా వాటికి మొదటి స్థానం ఇచ్చారు. కాలిఫోర్నియా వైన్లు పాతబడితే నిలవవని అక్కడివాళ్లు సర్దిచెప్పుకున్నారు. 2006లో అవే ఎర్ర వైన్లని మళ్లీ రుచి చూస్తే, మన కూపర్టినో పైన కొండ మీద చేసిన రిడ్జ్ మాంటెబెల్లో 1971 మొదట నిలిచింది. పేరు మాత్రం స్టీవెన్ స్పరియర్‌ది. ఆ పోటీ పెడదామన్న ఆలోచన ఆయన దగ్గర పనిచేసిన పట్రీషియా గాలహర్ది. ఆవిడ పేరు మా డిన్నర్లలో ఇంతవరకూ ఒక్కరి నోటా నేను వినలేదు.

"అడిగితే ఆడవాళ్లే వద్దంటారు కదా" అంటారు. ఎప్పుడు అడిగారు? గ్లాసు పెట్టాక వద్దంటే అది మా ఇష్టం, పెట్టకుండానే వద్దనిపించడం మీ లెక్క. అయితే మనలోనూ ఉందండీ. గ్లాసు పట్టుకున్న ఆవిడని ముందు ఎగాదిగా చూసేది పక్కనున్న ఆవిడే. మర్నాడు ఫోన్లు మోగేదీ మన మధ్యే.

ఐదు సీసాలూ అయ్యాక కారు తాళాలు ఎవరి చేతికొచ్చాయో చెప్పక్కర్లేదుగా. ఏ రోజూ మమ్మల్ని అడగలేదు. వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు, పక్క సీట్లో 2005 గొప్పతనం చెప్తున్న భర్త, చీకట్లో 280 హైవే మీద నేను. పొద్దున్నుంచీ వండిన మనిషిని, చివరికి డ్రైవర్‌ని కూడా నేనే. తాగనివాళ్లు నడపాలనడం సబబే. కానీ తాగకూడనిది ఎవరో ముందే ఎవరు తేల్చారు?

వచ్చే నెల వంతు మాది. మా ఆయనకి చెప్పేశాను. సీసాలకి గుడ్డ చుట్టాలి, ధర చివర్లో చెప్పాలి. గ్లాసులు పదిమందికీ. పాత సీసాలు ముందురోజే నిలబెట్టి ఉంచాలి, మడ్డి దిగుతుంది. వంటలో కారం ఉండదు, మిరియాలేసి కాల్చిన మాంసం, పుట్టగొడుగులు, వెన్న రాసిన రొట్టె. కోసి, కాల్చే పని మగవాళ్లది. ఇంటికి ఎవరు నడపాలో రాగానే చీటీలు తీస్తాం, చీటీ వచ్చినవాళ్లు ఆ రోజు వాసన చూసి ఊరుకోవాలి.

అన్నిటికీ సరే అన్నాడు. చీటీల సంగతి మాత్రం ఇంకా ఏమీ తేల్చలేదు.