ఐదు ఫొటోలు, ఒకటే పటం

పోయిన నెల పింఛను లైఫ్ సర్టిఫికెట్ గురించి రాసినాను. అది చదివి కొందరు ఇంటికే వచ్చి అనుమానాలు అడిగి పోయినారు, సంతోషం. ఈ నెల ఫొటోల సంగతి రాస్తాను. కంప్యూటర్‌లో నాలుగైదు ఫొటోలు కలిపి, అంచు కట్టి, ఒకటే పటంగా చేసుకోవడం ఎట్లాగో చెప్తాను. నేను చదివింది ఐదో తరగతి. మెనూలో ఇంగ్లీషు అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. నాకు వచ్చిందంటే మీకూ వస్తుంది.

పని ఎట్లా మొదలైందో ముందు చెప్పాలి.

మా లూమ్ షెడ్‌లో నాతోపాటు పనిచేసినాయన ఒకాయన పోయిన సంవత్సరం కాలం చేసినాడు. బద్లీ రోజుల నుంచి ఇద్దరం ఒకే షిఫ్టు. నేను ఆయన్ని బావా అనేవాణ్ణి, ఆయన నన్నూ బావా అనేవాడు. సంవత్సరీకం దగ్గర పడింది. వాళ్ల చిన్నబ్బాయి తండ్రి పటం చేయించడానికి ఒక స్టూడియోకి పోయినాడు. అక్కడ పిల్లోడు మొహం ఒక్కటి తీసుకుని, కింద కోటు, టై తగిలించి, వెనక పూలతోట పెట్టి నమూనా చూపించినాడంట. ఇంటికి తెచ్చి చూపిస్తే వాళ్ల అమ్మ అడిగిందంట, "ఈయనెవరు?" అని.

ఆమె మరుసటి రోజు కొడుకును వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. చేతిలో బట్టల కొట్టు సంచి. అందులో ఐదు ఫొటోలు. "అన్నా, నువ్వు కంప్యూటర్‌లో ఏవేవో చేస్తావంట గదా. ఇవన్నీ ఒక పటంలో పెట్టియ్యి. కోటు మాత్రం వద్దు" అన్నది.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ ఇంటితో నాకు ఇరవై ఏళ్లుగా మాటల్లేవు.

మిల్లు మూతపడే ముందు వీఆర్ఎస్ పెట్టినారు. ఎవరూ సంతకం చేయకూడదు, కేసు నడిపి మిల్లు తెరిపిద్దాం అన్నాడు బావ. నేను సంతకం చేసినాను. కూతురి పెళ్లి నెత్తి మీద ఉండింది, లెక్క కావాల్సి వచ్చింది. గేటు దగ్గర అందరి ముందూ "అమ్ముడుపోయినావు" అన్నాడు. నేనూ ఒక మాట అన్నాను, అది ఇక్కడ రాయను. ఆ తర్వాత ఇద్దరం కాడుగోడికే చేరినా, మార్కెట్లో ఎదురుపడితే ఆయన ఆ పక్క, నేను ఈ పక్క నడిచేవాళ్లం. ఆయన పోయిన రోజు వెళ్లినాను. చివర్లో నిలబడి వచ్చేసినాను.

సంచిలో ఫొటోలు ఇవి. ఒకటి, షెడ్‌లో ఆయుధ పూజ రోజు తీసిన గ్రూపు ఫొటో, మగ్గాలకు అరటి పిలకలు, మామిడాకులు కట్టి ఉన్నాయి, మూడు వరసల్లో ఇరవై ముగ్గురం. రెండు, లూనా మీద ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకున్నది. మూడు, నలుపు తెలుపు పెళ్లి ఫొటో. నాలుగు, గేటు పాసుకు తీసిన పాస్‌పోర్టు సైజు. ఐదు, 2023 మార్చిలో మెట్రో కాడుగోడి దాకా వచ్చిన కొత్తలో, స్టేషన్ ముందు మనవరాలితో ఫోన్‌లో తీసింది.

చిన్నబ్బాయి గ్రూపు ఫొటో చూపించి, "మామా, ఇందులో నాయన ఒక్కణ్ణే కట్ చేసి పెద్దది చెయ్యి" అన్నాడు. నేను కంప్యూటర్‌లో కట్ చేసి చూసినాను. బావ వచ్చినాడు. ఆయన భుజం మీద ఒక చెయ్యి కూడా వచ్చింది. చెయ్యి ఉంది, మనిషి లేడు. ఆ చెయ్యి నాదే. ఆ రోజు పక్కపక్కనే నిలబడినాం.

"ఆ చెయ్యి చెరిపేయొచ్చు గదా మామా, ఫొటోషాప్‌లో వస్తుందంట" అన్నాడు పిల్లోడు. వస్తుంది. వెనకటి స్టూడియోల్లోనూ వచ్చేది. బ్లేడుతో మొహాలు కోసి, అట్ట మీద అంటించి, కుంచెతో దిద్ది, దాన్ని మళ్లీ ఫొటో తీసేవాళ్లు. చనిపోయిన తండ్రిని, తర్వాత పుట్టిన బిడ్డను పక్కపక్కన కూర్చోబెట్టేవాళ్లు. కోటు తగిలించడం కంప్యూటర్‌తో వచ్చిన రోగం కాదు.

ఆయమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "చెరపొద్దు, కొయ్యొద్దు. అందరూ ఉండనీ. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు" అన్నది.

ఇంక పని చెప్తాను.

ఫొటోషాప్‌కి నెలనెలా డబ్బు కట్టాలి. గింప్ అని ఇంకొకటుంది, అది ఉచితం. 1990ల్లో అమెరికాలో బర్క్లీ యూనివర్సిటీ విద్యార్థులిద్దరు మొదలుపెట్టినారు. పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. నేను వాడేది అదే.

మొదట ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. గమ్ ఆల్బంలో అతుక్కున్న ఫొటోను పీకొద్దు. అద్దానికి అంటుకున్నదాన్ని అసలే పీకొద్దు, రంగు అద్దంతోపాటే ఊడి వస్తుంది. ఎండ నేరుగా పడని వెలుతురులో ఫోన్‌తో పైనుంచి నిటారుగా తీయండి. విడిగా ఉన్నవి స్కాన్ చేయించండి. జిరాక్స్ అంగట్లో "600లో చేయండి" అని అడగాలి. అంగుళానికి 600 గడులని అర్థం. ఫొటోలు పంపించేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

గడులంటే మన మిల్లు మనుషులకు కొత్తగాదు. డిజైన్ రూమ్‌లో గ్రాఫ్ కాగితం మీద పువ్వు గీసేవాళ్లు. ఒక్కో గడి పడుగు, పేక కలిసే ఒక్కో చోటు. పోగులు తక్కువైతే పువ్వు మెట్లు మెట్లుగా వస్తుంది. కంప్యూటర్ ఫొటో కూడా అంతే. ఆ గడినే పిక్సెల్ అంటారు. గడులు చాలనిదాన్ని సాగదీస్తే మొహం మెట్లు మెట్లుగా అవుతుంది.

మేము పటం సైజు 12 అంగుళాల వెడల్పు, 18 ఎత్తు పెట్టుకున్నాం. అచ్చుకు అంగుళానికి 300 గడులు చాలు. అంటే 3600 వెడల్పు, 5400 ఎత్తు. గింప్‌లో ఫైల్, న్యూ నొక్కి ఈ అంకెలు వేసి, రెజల్యూషన్ 300 పెట్టాలి. రంగు తెలుపు కాకుండా లేత గోధుమ పెట్టినాను, పాత ఫొటోలకు కళ్లు గుచ్చకుండా ఉంటుంది.

తర్వాత ఓపెన్ యాజ్ లేయర్స్ అనే దాంట్లో ఐదు ఫొటోలూ తెరవాలి. ఒక్కో ఫొటో ఒక్కో పొరగా వచ్చి కూర్చుంటుంది. దేన్నయినా విడిగా జరపొచ్చు, మిగతావి కదలవు. స్కేల్ చేసేటప్పుడు వెడల్పు, ఎత్తు పక్కన గొలుసు బొమ్మ ఉంటుంది, అది కలిసి ఉండాలి. విడిపోతే మనిషి సాగిపోతాడు, లేకుంటే పొట్టివాడైపోతాడు.

అందరూ చేసే తప్పు ఏమిటంటే, ముందే సమానమైన గడులు గీసుకుని ఫొటోను కోసి అందులో ఇరికిస్తారు. కొయ్యకూడదంటే ఫొటోకి తగ్గట్టు గడి గీయాలి. మామూలు 6×4 ప్రింటు అడ్డంగా ఉంటే వెడల్పు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు. దాన్నిబట్టి లెక్క వేసినాం. గ్రూపు ఫొటో పైన, 2700 వెడల్పు, 1800 ఎత్తు. దాని కింద వరస 1200 ఎత్తు, అందులో లూనా ఫొటో 1800, మధ్యన సందు 100, పెళ్లి ఫొటో 800. కూడితే 2700, పైదానికి సరిగ్గా సరిపోయింది. మూడో వరస దీన్నే తిప్పి వేసినాం. పాసు ఫొటో 800, సందు 100, మెట్రో ఫొటో 1800. వరసల మధ్య కూడా సందు 100. చీరకు రెండు పక్కలా అంచు ఒకే కొలత ఎట్లా ఉండాలో, సందులన్నీ ఒకే కొలత ఉండాలి. అది తప్పితే ఎంత మంచి ఫొటోలైనా గోడ మీద వంకరగా కనిపిస్తాయి.

పక్కల 450, పైన 450, కింద 550 మిగిలింది. కింద ఎక్కువ ఉన్నచోట పేరు, తేదీలు రాసినాం.

పాసు ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు. 600లో స్కాన్ చేస్తే 820 గడులకు కొంచెం పైన వచ్చింది, 800 వెడల్పుకు చాలింది. దాని ఎత్తు మాత్రం 1200కి చాలదు. సాగదీయలేదు, పైనా కిందా గోధుమ రంగు ఖాళీ వదిలినాం. గ్రూపు ఫొటోకైతే 600 తప్పదు. 6×4ను 300లో స్కాన్ చేస్తే 1800 గడులే వస్తాయి, మనకు కావాల్సింది 2700.

అంచుకు, ఒక్కో ఫొటో కింద కొత్త పొర వేసి, నాలుగు వైపులా 12 గడులు పెద్దగా చతురస్రం పట్టి, ముదురు గోధుమ రంగు నింపినాను. ఫొటో చుట్టూ సన్నటి గీతగా కనిపిస్తుంది. చివర్లో రెండు రకాలుగా దాచుకోవాలి. సేవ్ చేస్తే ఎక్స్‌సీఎఫ్ ఫైలు, అందులో పొరలు విడివిడిగా ఉంటాయి, తప్పుంటే దిద్దుకోవచ్చు. ఎక్స్‌పోర్ట్ చేస్తే జేపీజీ, అది ప్రింటుకు.

ఇదంతా నా మనవరాలు పక్కన కూర్చుంటే రెండు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం సేవ్ చేయడం మరిచి మొత్తం పోగొట్టుకున్నాను. "తాతా, పది నిమిషాలకొకసారి నొక్కు" అని తిట్టింది.

గ్రూపు ఫొటో పెద్దది చేసేటప్పుడు ఒక్కో మొహం తెర మీద చేతి వెడల్పున కనిపించింది. ఎవరెవరో రాసి పెడదామని కాగితం తీసుకున్నాను. పంతొమ్మిది పేర్లు రాసినాను. నలుగురి పేర్లు రాలేదు. ఏళ్ల తరబడి ఒకే షెడ్‌లో పీల్చిన దూది ఒకటే, పేరు రాలేదు. ఊళ్లో మిల్లుల గుర్తులే పోతున్నాయి. 1884లో పెట్టిన బిన్నీ మిల్లుకు బిన్నీపేట అనే పేరు మిగిలింది. మల్లేశ్వరం దగ్గర రాజా మిల్లు ఉన్నచోట ఇప్పుడు మాల్ ఉంది. గేట్లు పోయినాక మనుషుల పేర్లన్నా మనం రాసి పెట్టుకోకపోతే ఎట్లా? కాబట్టి మీ ఇంట్లో గ్రూపు ఫొటో ఉంటే, ముందు పేర్లు రాయండి. ఫొటో వెనక బాల్‌పెన్నుతో అదిమి రాయొద్దు, అచ్చు ముందుకు పడుతుంది. వేరే కాగితం మీద వరస ప్రకారం రాసి పటం వెనక అంటించండి.

సంవత్సరీకం రోజు పటం తీసుకుని వెళ్లినాను. ఈసారి చివర్లో నిలబడలేదు. ఆయమ్మ పటం గోడకు తగిలించి, గ్రూపు ఫొటో ముందు కాసేపు నిలబడింది. "ఇద్దరూ ఎంత సన్నగా ఉన్నారన్నా" అన్నది. అంతే అన్నది. పెద్ద విస్తరి వేసింది. తిని వచ్చినాను.

బావకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఆయన కేసు ఓడిపోయినాడు, నేను తీసుకున్న లెక్క పెళ్లికి అయిపోయింది. ఎవరిది సరి అని ఇప్పుడు అడగను. మీలో ఎవరికైనా ఇట్లా మాటల్లేని మనిషి ఉంటే, పటం కట్టించే దాకా ఆగొద్దు.

ఆ నలుగురిలో ఇద్దరు రెండో వరసలో కుడి చివర ఉన్నారు, ఒకాయనకు మెడలో ఎర్ర తువ్వాలు. మిగిలిన ఇద్దరు కింద కూర్చున్నారు. లూమ్ షెడ్ రాత్రి షిఫ్టులో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే వచ్చి చూసి పేర్లు చెప్పండి. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను. వచ్చేటప్పుడు మీ ఫొటోలు కూడా తెచ్చుకోండి, కలిసి కూర్చుని చేద్దాం.