మంచం పక్కన మాట జాగ్రత్త



తలకు దెబ్బ తగిలి, ఉలుకూ పలుకూ లేక పడివున్న మనిషి మంచం చుట్టూ చేరి మనవాళ్లు ఏమేమి మాట్లాడుకుంటారో మీరెరుగుదురు. "ఇక ఆశ లేదట", "ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?", "పొలం ఎవరి పేర రాశాడు?" ఆయనకు వినబడదు గదా అని మన ధైర్యం. ఆ ధైర్యం అన్నివేళలా సరికాదు.

ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో ఆడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు 2006లో ఒక సంగతి ప్రకటించారు. 23 ఏళ్ల యువతి ఒకామె రోడ్డు ప్రమాదంలో మెదడుకు దెబ్బ తగిలి, అయిదు నెలలుగా ఎవరి మాటకూ జవాబివ్వని స్థితిలో ఉంది. ఆమెను ఎఫ్.ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టారు. మెదడులో ఏ భాగం పనిచేస్తే ఆ భాగానికి రక్తం ఎక్కువగా పారుతుంది. పెద్ద అయస్కాంతం సాయంతో ఈ యంత్రం ఆ తేడాను పట్టి చూపుతుంది. "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో" అని చెప్పగా, కదలికలను సిద్ధపరచే భాగం పని మొదలుపెట్టింది. "నీ ఇంటి గదులలో నడుస్తున్నట్టు ఊహించుకో" అనగా, దారులూ స్థలాలూ గుర్తుపట్టే భాగాలు పనిచేశాయి. ఆరోగ్యవంతులలో ఎలా కనబడుతుందో ఆమెలోనూ అలాగే కనబడింది. అంటే ఆమె విన్నది, గ్రహించింది, చెప్పినట్టు చేసింది. వేలు కదల్చలేదు, అంతే.

2010లో ప్రకటించిన మరో పరిశోధనలో ఒక రోగి "అవును"కు ఒక ఊహ, "కాదు"కు మరొక ఊహ వాడుకొని, ఆరు ప్రశ్నలలో అయిదింటికి సరైన జవాబిచ్చాడు. 2024లో వెలువడిన పెద్ద పరిశీలనలో, పైకి ఏ ఆజ్ఞకూ స్పందించని 241 మందిని పరీక్షించగా 60 మంది మెదడులో స్పందన కనబడింది. నలుగురిలో ఒకరన్నమాట.

ఇది విని ప్రతివారూ లేచి కూర్చుంటారని ఆశపడకూడదు. మిగిలిన ముగ్గురిలో ఏమీ కనబడలేదు. అయితే కనబడనంత మాత్రాన లేదనీ చెప్పలేము. మాట విని పైకే స్పందించగలిగిన రోగులలో సైతం సగానికి పైగా మందిని ఈ పరీక్షలు పట్టుకోలేకపోయాయి.

ఈ పరీక్ష మన పల్లెవారికి అందుబాటులో లేకపోవచ్చు. అయినా మనం చేయగలిగినది ఉంది. మంచం దగ్గరికి వెళ్లగానే మీ పేరు చెప్పండి. ఇది ఏ రోజో, పొద్దు ఎంతయిందో చెప్పండి. పక్క మార్చే ముందు మారుస్తున్నామని చెప్పండి. పిల్లల కబుర్లు, గేదె ఈనిన సంగతి చెప్పండి. అప్పులూ ఆస్తులూ మాట్లాడవలసి వస్తే వసారాలోకి వెళ్లి మాట్లాడుకోండి. ఆయన వినకపోతే మనకు పోయేదేమీ లేదు. వింటూ ఉంటే, రోజంతటిలో ఆయనకు దొరికే తోడు ఆ మాటే.