అడిగి చేయవలసిన మరమ్మతు

రాజమహేంద్రవరమునుండి గోకవరము పోవు దారిలో, లక్ష్మీనరసింహస్వామి వెలసిన కొండ పాదమున నున్న మా కోరుకొండవంటి మండలకేంద్రమున, సర్కారువారితో పని గల ప్రతి గృహస్థునకును నేడు బ్రౌజరు తప్పనిసరియైనది. 2011లో మీసేవ ఆరంభమైననాటినుండియు, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ఏర్పడిన పిమ్మట మరింతగాను, 1బి నకలు, అడంగలు, కులధ్రువీకరణ పత్రము, ఆదాయ ధ్రువీకరణ పత్రము, పంట నమోదు, పిల్లవాని కళాశాల ప్రవేశము, ఇవి యన్నియు ఏదో యొక తెరమీద, ఏదో యొక బ్రౌజరులో తెరచుకొను పేజీలుగా మారినవి. ఇది మంచి మార్పే. తాలూకా కచేరి వరండాలో దినములతరబడి పడిగాపులు కాచిన తరమువారెవ్వరును దీనిని కాదనజాలరు. అయితే ఇంతటి భారమును మోయుచున్న బ్రౌజరు రేపటి ఉదయమున ఏ రూపమున నుండునో, నిన్న పనిచేసిన పేజీ నేడు పనిచేయునో లేదో, దానిని వాడువానికిగాని, వాడి పెట్టువానికిగాని ముందుగా తెలియకపోవుటయే నేటి చిక్కు.

జూన్ మాసమున ప్రవేశముల వేళ ఏ సేవాకేంద్రమునకు పోయి చూచినను ఈ చిక్కు కన్నులకు కట్టును. కౌంటరు ముందర జనము బారులు తీరియుందురు. కుర్రవాడు ఆధారు సంఖ్య కొట్టి, వేలిముద్ర యంత్రముపై పెద్దాయన బొటనవ్రేలు నిలిపించును. తెరపై చక్రము గిరగిర తిరుగుచునే యుండును, ముద్ర మాత్రము పడదు. "మిషను బాగానే ఉందండి బాబాయిగారూ, రాత్రి బ్రౌజరు అప్‌డేట్ అయ్యిందండి, వేలిముద్ర పంపే ఆర్‌డీ సర్వీసు దాంతో కలవట్లేదండి" అని కుర్రవాడనును. "ఆయ్, నిన్న మావోడికి ఇందులోనే పడింది గదండీ?" అని పెద్దాయన విస్తుపోవును. క్యాష్ తుడుచుట, పాప్-అప్ అడ్డు తీయుట, మరియొక బ్రౌజరులో తెరచుట, తుదకు కంప్యూటరునే ఆపి మరల వెలిగించుట, ఈ వరుసను కుర్రవాడు తనకు తెలిసిన చికిత్సలన్నియు చేయును. అంతలో తెరయంతయు నీలిరంగు పరచుకొని, కంప్యూటరును ఆపవలదను హెచ్చరికయు, శాతపు లెక్కయు ప్రత్యక్షమగును. ఆ లెక్క నూరు ముట్టువరకు బారులోని వారందరును నిలువవలసినదే. కూలి మానుకొని వచ్చినవాని ఆ పూట నష్టము ఎవరి పద్దులోను వ్రాయబడదు.

ఇంతమాత్రముచేత అప్‌డేటులే అనర్థమని తీర్మానించుట అవివేకము. 2017 మే 12న వాన్నాక్రై అను వైరసు దేశదేశములను చుట్టబెట్టి, ఫైళ్ళకు తాళములు వేసి సొమ్ము కోరినప్పుడు, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని దాని వాతబడినవి. అది దూరిన కంతను పూడ్చు మరమ్మతును మైక్రోసాఫ్టు సంస్థ అంతకు రెండు నెలలకు పూర్వమే, మార్చి 14ననే, విడుదల చేసియుండెను. మరుసటి యేట మన లిపికే సంబంధించిన వింత యొకటి జరిగినది. 2018 ఫిబ్రవరిలో, 'జ్ఞా' అను తెలుగు సంయుక్తాక్షరమును ఒకానొక క్రమమున కూర్చి పంపినంతనే, అందుకొనిన ఐఫోనులో సందేశముల యాపు కుప్పకూలుచుండెను; తెలుగు అక్షరములను తెరమీద పేర్చు ప్రోగ్రాములోని లోపమది. ఆపిల్ సంస్థ ఆ నెల 19న 11.2.6 అను అప్‌డేటును పంపి దానిని సరిదిద్దినది. మన లిపికి న్యాయము చేకూర్చిన ఆ అప్‌డేటును వలదనదగిన తెలుగువాడెవడు?

మరమ్మతు అవసరమే, దానిని చేయు పద్ధతియే అభ్యంతరకరము. 2015 జూలైలో విండోస్ 10 వెలువడిన పిమ్మట, పాత విండోస్ వాడువారి తెరలపై ఉచితముగా మారుడను ప్రకటన పదే పదే పొడసూపుచుండెను. 2016 మే నాటికి, ఆ పెట్టె మూలనున్న ఇంటు గుర్తును నొక్కి మూసివేసినను, ముందుగా నిర్ణయించిన మార్పు రద్దుగాక జరిగిపోవుచుండెను. వలదని నొక్కినవానికి సరే యన్న ఫలము దక్కెను. కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుకొను ఒక మహిళ, తానడుగని మార్పువలన కంప్యూటరు చెడి వ్యాపారము దెబ్బతిన్నదని కోర్టుకెక్కగా, ఆమెకు 10,000 డాలర్లు చెల్లింపవలెనని తీర్పు వచ్చినది. 2018 అక్టోబరులో వచ్చిన మరియొక పెద్ద అప్‌డేటు కొందరి సొంత ఫైళ్ళనే తుడిచిపెట్టగా, కొలది దినములకే దాని పంపిణీని నిలిపివేసిరి. ఇక 2024 జూలై 19నాటి సంగతి అందరికిని జ్ఞాపకమే. క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేటు సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టగా, హైదరాబాదు విమానాశ్రయమున బోర్డింగ్ పాసులు చేతివ్రాతతో ఇయ్యవలసివచ్చినది. కంచెయే చేను మేయుట యన నిదియే.

తెలుగు చదువరి ఈ బాధను చిరకాలముగా ఎరుగును. యూనికోడు వ్యాపింపకపూర్వము మన పత్రికల వెబ్‌సైట్లు తలకొక ఫాంటుతో వెలువడుచుండెను. ఒక బ్రౌజరులో చక్కగా కనబడిన వార్త మరియొక దానిలో అర్థములేని గుర్తుల గుంపుగా దర్శనమిచ్చెడిది. అట్టి పేజీలను యూనికోడు తెలుగులోనికి మార్చి చూపుటకు ఫైర్‌ఫాక్సు బ్రౌజరులో ఇమిడెడి 'పద్మ' అను ఎక్స్‌టెన్షనును తెలుగువారే నిర్మించుకొనిరి. 2017 నవంబరు 14న వెలువడిన ఫైర్‌ఫాక్సు 57వ వెర్షను, వేగమునకును భద్రతకును అవసరమనుచు, పాత పద్ధతిలో నిర్మింపబడిన ఎక్స్‌టెన్షనులనన్నింటిని ఒక్కపెట్టున త్రోసిపుచ్చినది. కారణము సమంజసమే కావచ్చును; చేతికి అలవాటైన పనిముట్టును కోల్పోయినవారికి ఆ సమంజసత్వమువలన ఊరట లేదు.

మన సర్కారు సైట్ల కథ దీనికి విపర్యయము: అచట మారవలసినది మారలేదు. డిజిటల్ సంతకము చేయవలెనన్నచో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే కావలెననియు, జావా ఫలానా వెర్షనే ఉండవలెననియు పట్టుబట్టిన పోర్టళ్ళు మన దేశమున కోకొల్లలు. 2015 సెప్టెంబరులోనే క్రోము బ్రౌజరు జావా ప్లగిన్లకు ద్వారము మూసినది. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరరునకే మద్దతు ముగిసినది. ముందుగా చాటి చెప్పి చేసిన ఈ మార్పులకు సైతము సిద్ధపడని కచేరీల అలసత్వమునకు మూల్యము చెల్లించినది కౌంటరు ముందర నిలిచిన పౌరుడే.

భద్రతకు సంబంధించిన మరమ్మతును, సంస్థ తన వ్యాపారముకొరకు చేసికొను మార్పును ఒకే మూటగా కట్టి పంపుటయే బలవంతపు అప్‌డేటుల అనర్థమునకు మూలమని నా అభిప్రాయము. కారుచున్న పెంకు మార్చుటకు వచ్చిన మేస్త్రి, ఇంటివారిని అడుగక, వంటగది గుమ్మమును వీధివైపునకు త్రిప్పిపోయినచో ఊరకుందుమా? భద్రత పేరిట వచ్చిన వెర్షనుతోబాటు మొదటి పేజీలో ఎవరికిని అక్కరలేని వార్తలు వచ్చి కూర్చుండును. తననే ముఖ్య బ్రౌజరుగా చేసికొనుమని బతిమాలు పెట్టె వచ్చును. పిలువని ఏఐ సహాయకుడు ప్రక్కన వెలయును. 2021 సెప్టెంబరులో క్రోము నాలుగు వారములకొక వెర్షను వెలువరించు పద్ధతికి మారినది. కంతలు పూడ్చుటకు ఈ వేగము మేలే; కాని మీటల స్థానములు కూడ ఆ వేగముననే మారవలసిన పని యేమి? వయసు మీరి కంప్యూటరు నేర్చినవారికి మీట ఉన్నచోట నుండుటయే సగము విద్య.

దీనికి తోడు, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 కోరు టీపీఎం 2.0 అను భద్రతా చిప్పుగాని, క్రొత్త తరము ప్రాసెసరుగాని లేని కంప్యూటర్లు నిక్షేపముగా పనిచేయుచున్నను పాతసామానులలో చేరినవి. పల్లెలో సేవాకేంద్రము నడుపుకొను యువకునకు క్రొత్త కంప్యూటరు చిన్న ఖర్చు కాదు. మైక్రోసాఫ్టునకు 2014 నుండి సారథ్యము వహించుచున్న సత్య నాదెళ్ళగారు హైదరాబాదున జన్మించినవారు, గ్రామీణాభివృద్ధికై పాటుపడి పేరుగాంచిన ఐఏఎస్ అధికారి యుగంధర్‌గారి కుమారులు. పల్లెటూరి అవసరములెట్టివో వారికి ఒకరు చెప్పవలసిన పని లేదనుకొందును.

మన చట్టము ఈ విషయమున మౌనము వహింపలేదు. వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 2023 నవంబరు 30న 'డార్క్ ప్యాటర్న్'ల నివారణకు మార్గదర్శకములు వెలువడినవి. వినియోగదారుని ఏమార్చు 13 విధములైన పోకడలను అందు పేర్కొని నిషేధించిరి. అడిగినదే అడిగి విసిగించుటయు, ఒక పనికై వచ్చినవానిచేత సంబంధములేని మరియొక పనిని బలవంతముగా చేయించుటయు ఆ పట్టికలో నున్నవి. వలదనిన ప్రశ్ననే తెచ్చి మరల మరల నిలుపు అప్‌డేటు పెట్టెలను ఈ నియమములతో ఒరసి చూడవలయును. అప్‌డేటులచేత పాత ఫోనులు మందగించుటకు కారకులైనారని ఇటలీ దేశపు పోటీ నియంత్రణ సంస్థ 2018 అక్టోబరులోనే ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా విధించినది. అచట సాధ్యమైనది ఇచట అసాధ్యమగుటకు కారణము కనబడదు.

కోరదగినవి గొంతెమ్మ కోరికలు కావు. భద్రతా మరమ్మతు వేరుగాను, రూపపు మార్పు వేరుగాను పంపవలయును. మొదటిది తనంత తాను జరిగిపోవచ్చును, రెండవది అడిగి జరుగవలయును. వలదను మీట సరే యను మీటతో సమానముగా కనబడి, ఒకసారి నొక్కినచో ఆ మాట నిలువవలయును. నచ్చనిచో వెనుకటి రూపమునకు మరలు దారి యుండవలయును. ఈ వివరములన్నియు పెద్దాయనకు సైతము అర్థమగు తెలుగులో నుండవలయును. మన రాష్ట్ర ప్రభుత్వము 2025 జనవరి 30న వాట్సాపు ద్వారా 161 సేవలతో 'మన మిత్ర'ను ఆరంభించి బ్రౌజరు బెడదను కొంత తగ్గించినది. కాని వాట్సాపు కూడ పరాయి సంస్థ యాపే, దానికిని అప్‌డేటులు తప్పవు. కావున ప్రతి సర్కారు పోర్టలును వాడుకలోనున్న బ్రౌజర్లన్నింటిలోను, వాటి రాబోవు వెర్షనులలోను ముందుగా పరీక్షించి, చిక్కు వచ్చునని తోచినచో కౌంటర్లకు ముందే కబురంపు ఏర్పాటును ఐటీ శాఖవారు చేయవలసియున్నది.

చదువరులు చేయదగినదియు కొంత కలదు. అప్‌డేటులను శాశ్వతముగా ఆపివేయు చిట్కాలను నమ్మవలదు. అవి దొంగకు తలుపు తీయుటయే. విండోస్‌లో 35 దినములవరకు వాయిదా వేయు సౌకర్యము కలదు. పనివేళలను సెట్టింగులలో గుర్తించినచో ఆ వేళలలో అప్‌డేటు పేరిట కంప్యూటరు తనంత తాను ఆగి మొదలు కాకుండును. మొబైలు డేటాతో పనిచేయువారు ఆ కనెక్షనును మీటర్డ్ అని గుర్తించుకొనుట మేలు. నోటిఫికేషన్లు పంపవచ్చునా యని ఏ సైటైనను అడిగినప్పుడు 'అలో' నొక్కుటకు తొందరపడరాదు; వైరసు వచ్చినదని తెర మూలన భయపెట్టు ప్రకటనలు పెక్కు ఆ ఒక్క నొక్కుతో దాపురించునవే. మీ బ్రౌజరు పాతబడినది, ఇచట నొక్కుడని ఏదో పేజీలో కనబడు పిలుపును ఎన్నడును నమ్మరాదు. బ్రౌజరు అప్‌డేటును బ్రౌజరు సెట్టింగులలోనే చూచుకొనవలయును. ఇక బలవంతపు మార్పువలన నిజముగా నష్టపోయినవారు విసుగుకొని ఊరకొనక, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించుడు. నియమములు కాగితముమీద నున్నవి. వాటిని కదిలించునవి ఫిర్యాదులే.